మియాటానా, ఎంఆర్2 స్పైడరా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ పోల్చే బళ్లు రెండు. ఒకటి మాజ్డా ఎంఎక్స్-5 రెండో తరం. అమెరికాలో 1999 నుంచి 2005 మోడల్ వరకు మియాటా పేరుతో అమ్ముడైంది. తెలిసినవాళ్లు దీన్ని ఎన్‌బి అంటారు. రెండోది అదే కాలపు టయోటా ఎంఆర్2 స్పైడర్, 2000 నుంచి 2005 వరకు. బ్రిటన్‌లో దీని పేరు ఎంఆర్2 రోడ్‌స్టర్, జపాన్‌లో ఎంఆర్-ఎస్. వేరేగా చెప్పని చోట అంకెలు అమెరికా మోడళ్లవే. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఉన్నవాళ్లకు పవర్, టైరు సైజు కొంచెం మారవచ్చు గానీ, జబ్బులు మాత్రం అవే.

ఇన్ని కార్లుండగా ఈ రెండింటినే ఎందుకు పోలుస్తారు?

కాగితం మీద రెండూ కవలల్లా ఉంటాయి. రెండింటికీ 1.8 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజినే. రెండింటికీ రెండే సీట్లు, గుడ్డ టాపు, వెనక చక్రాలకే పవర్. ఎంఆర్2 ఇచ్చేది 138 హార్స్‌పవర్, మియాటా ఇచ్చేది 140 చుట్టుపక్కల. కొత్తలో మియాటా దాదాపు 20,000 డాలర్లు, ఎంఆర్2 సుమారు 23,000. ఆ ధరకు టాపు తెరుచుకునే స్పోర్ట్స్ కారు దొరకడమే అప్పట్లో అపురూపం.

తేడా అంతా ఇంజిన్ ఎక్కడుందన్న దాంట్లోనే. మియాటాకి ముందు, బానెట్ కింద, నిలువుగా. ఎంఆర్2కి మీ వీపు వెనక, వెనక చక్రాలకు కాస్త ముందు, అడ్డంగా. నడపడం, సామాను, మరమ్మతు, కొనేటప్పుడు ఏం చూడాలి... ఇవన్నీ ఆ ఒక్క నిర్ణయం నుంచి పుట్టినవే. అందుకే "రెండూ ఒకటే కదా, ఏది చౌకగా దొరికితే అది కొంటా" అనుకోవద్దు.

నడిపేటప్పుడు తేడా తెలుస్తుందా?

మొదటి మలుపులోనే తెలుస్తుంది.

మియాటా బరువు ముందూ వెనకా దాదాపు సమానం, 50:50. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు చేతుల్లాంటి కడ్డీలు పట్టుకుంటాయి. గేర్‌బాక్స్‌నీ, వెనక చక్రాలకు పవర్ పంచే డిఫరెన్షియల్‌నీ కలుపుతూ అల్యూమినియం దూలం లాంటి ఫ్రేమ్ ఒకటి ఉంటుంది. అందుకే యాక్సిలరేటర్ మీద కాలు వెయ్యగానే బండి జాప్యం లేకుండా కదులుతుంది. మాజ్డా వాళ్లు గుర్రమూ రౌతూ ఒకటైపోవడం గురించి మాట్లాడేది ఇందుకే. మలుపులో కాస్త పక్కకు ఒరుగుతుంది. ఆ ఒరగడమే టైరు పట్టు ఎంత మిగిలిందో చెబుతుంది. తప్పు చేస్తే ముందే హెచ్చరిస్తుంది, సర్దుకోవడానికి వ్యవధి ఇస్తుంది.

ఎంఆర్2 బరువు సుమారు 996 కిలోలే, మియాటా కంటే అరవై డెబ్బై కిలోలు తక్కువ. బరువులో ఎక్కువ భాగం వెనకే. ముక్కు తేలిక కాబట్టి స్టీరింగ్ తిప్పగానే తిరుగుతుంది. గంటకు 60 మైళ్ల వేగం ఏడు సెకన్ల దరిదాపుల్లో అందుకుంటుంది, మియాటాకి ఎనిమిది పడుతుంది. చాలామంది గమనించని సంగతి ఇంకొకటుంది. పొడవులో ఎంఆర్2యే చిన్నది, 3,885 మి.మీ. కానీ ముందు వెనక చక్రాల మధ్య దూరం మాత్రం దానికే ఎక్కువ: 2,450 మి.మీ., మియాటాకి 2,265. అంటే చక్రాలు నాలుగు మూలలకూ జరిగి కూర్చున్నాయి. హైవే మీద అది చూపించే నిలకడకు కారణం అదే.

సరదాలో రెండూ రెండే. కానీ స్పోర్ట్స్ కారు నడపడం కొత్తగా నేర్చుకునేవారికి మియాటా మంచి గురువు. ఈ మాట ఎంఆర్2 ప్రేమికులు కూడా ఒప్పుకుంటారు.

ఎంఆర్2 మలుపులో వెనక్కి తిరిగిపోతుందని విన్నాం. నిజమేనా?

ఆ చెడ్డపేరు ఎక్కువగా దాని ముందు తరానిది, 1990ల మొదట్లో వచ్చిన మోడళ్లది. స్పైడర్ దానికంటే చాలా మర్యాదస్తురాలు. అయినా భౌతికశాస్త్రం మారదు కదా. వేగంగా మలుపులోకి వెళ్లి, భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు ఒక్కసారిగా తీసేశారనుకోండి. బరువంతా ముందుకు వాలి వెనక టైర్లు తేలికపడతాయి. ఇంజిన్ బరువు వాటిని పక్కకు లాగుతుంది. బ్రేకు పని మలుపుకు ముందే ముగించాలి. మలుపులో కాలు సున్నితంగా, ఒకే తీరుగా ఉంచాలి.

స్పైడర్ పిచ్చిగా ప్రవర్తిస్తోందని వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి కారణం టైర్లే. దీనికి ముందు, వెనక టైర్ల సైజులు వేరు. 2000-2002 మోడళ్లకు ముందు 185/55ఆర్15, వెనక 205/50ఆర్15. 2003 నుంచి వెనక 215/45ఆర్16. గాలి కూడా సమానంగా కొట్టకూడదు: ముందు 26 పీఎస్ఐ, వెనక 32. పెట్రోల్ బంకులో నాలుగింటికీ 32 కొట్టేస్తే ముందు పట్టు పోతుంది, బండి స్వభావమే మారిపోతుంది. మియాటాకి నాలుగింటికీ 26.

టైరు పక్క గోడ మీద కోడి గుడ్డు ఆకారంలో ఉన్న గడిలో నాలుగు అంకెలు చూడండి. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైందని అర్థం. ఈ బళ్లు ఏడాదికి రెండు మూడు వేల మైళ్లే తిరుగుతాయి కాబట్టి అరుగుదల కనబడదు. లోపల రబ్బరు మాత్రం ఎండి గట్టిపడిపోతుంది. ఆరేడేళ్లు దాటిన టైర్లను, ముఖ్యంగా ఎంఆర్2 మీద ఉన్నవాటిని, వర్షంలో నమ్మకండి.

సామాను సంగతేంటి?

మియాటా డిక్కీ సుమారు 144 లీటర్లు. ఇద్దరు రెండు రోజులకు వెళ్లొచ్చు, మెత్తటి బ్యాగులైతే. ఇండియన్ స్టోర్‌లో 20 పౌండ్ల సోనా మసూరి బస్తా, కూరగాయలు, రెండు పచ్చడి సీసాలు హాయిగా పడతాయి.

ఎంఆర్2కి డిక్కీ లేనట్టే లెక్క. సీట్ల వెనక తాళం పడే అరలు, ముందు బానెట్ కింద స్పేర్ టైరు పక్కన మిగిలిన కాస్త చోటు, అంతే. చక్రాల సూట్‌కేసు పట్టదు. బస్తా పక్క సీట్లో పెట్టుకోవాలి, అంటే తోడు ఎవరూ రాకూడదు. ఇంట్లో ఇంకో కారు ఉంటేనే ఎంఆర్2 ఆలోచించండి.

ఆరడుగుల మనిషి పడతాడా?

ఆరడుగుల వరకు రెండింట్లోనూ ఫర్వాలేదు, ఆ పైన ఎంఆర్2 కాస్త నయం. సమస్య కాళ్లది కాదు, తలది. టాపు మూసి కూర్చుని చూడకుండా డబ్బు కట్టకండి. మియాటాలో చాలామంది సీటు స్పాంజి తగ్గించి ఒకటి రెండు అంగుళాలు సంపాదిస్తారు.

ఎంఆర్2 ఇంజిన్ ఆయిల్ తాగుతుందట. అసలు ఏమవుతుంది?

ఈ బండి కొనేవాళ్లు మిగతావన్నీ వదిలేసినా ఇది మాత్రం పూర్తిగా అర్థం చేసుకోవాలి.

ఇంజిన్ 1జెడ్‌జెడ్-ఎఫ్ఈ, కొరోలాలో ఉన్నదే. మంచి ఇంజినే గానీ మొదటి సంవత్సరాల పిస్టన్లలో ఒక లోపం ఉంది. ఆయిల్ రింగు గీకిన నూనె వెనక్కి కారడానికి పిస్టన్‌లో ఉండే రంధ్రాలు సరిపోయినంత పెద్దవి కావు. ఆయిల్ ఆలస్యంగా మార్చినా, తక్కువ ఆయిల్‌తో నడిపినా ఆ రంధ్రాలు మసితో మూసుకుపోతాయి. రింగు గాడిలో అతుక్కుపోతుంది. నూనె సిలిండర్‌లోకి చేరి కాలడం మొదలవుతుంది. కొరోలాలో కథ అక్కడితో ఆగుతుంది, ఆయిల్ పోసుకుంటూ తిరగొచ్చు.

ఎంఆర్2లో ఆగదు. ఇంజిన్ పొగను పోగుచేసే పైపుల గుత్తి, అంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోనే, ఇంజిన్‌కి జానెడు దూరంలో పొగను శుభ్రం చేసే రెండు చిన్న కాటలిస్టులున్నాయి. వీటిని ప్రీ-క్యాట్‌లంటారు. కాలిన నూనె వల్ల లోపలి పింగాణీ తేనెపట్టు వేడెక్కి, పెళుసెక్కి పొడిగా రాలుతుంది. వాల్వులు రెండూ క్షణకాలం కలిసి తెరుచుకుని ఉన్నప్పుడు ఎగ్జాస్ట్ వైపు నుంచి కొంత గాలి వెనక్కి వస్తుంది. దాంతోపాటు ఆ పొడీ సిలిండర్‌లోకి వస్తుంది. పింగాణీ పొడి అంటే ఉప్పుకాగితమే. సిలిండర్ గోడలు గీరుకుపోతాయి, ఆయిల్ ఇంకా ఎక్కువ తాగుతుంది, ప్రీ-క్యాట్‌లు ఇంకా రాలతాయి. ముందు రాలింది ప్రీ-క్యాటా, ముందు చెడింది రింగా అని ఇప్పటికీ వాదించుకుంటారు. చివరికి ఇంజిన్ మార్చాలన్న దాంట్లో మాత్రం వాదన లేదు.

ఈ ఇంజిన్‌లో ఫిల్టరుతో కలిపి పట్టే ఆయిలే 3.7 లీటర్లు. అందులో లీటరున్నర తగ్గితే బేరింగులకు ప్రమాదం. ఆయిల్ దీపం వెలిగేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది.

మరి కొనేముందు దీన్ని ఎలా పట్టుకోవాలి?

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూస్తానని ముందే చెప్పండి. మీరు వెళ్లేసరికి బండి వేడిగా ఉంటే ఇంకో రోజు రండి.

1. చదునైన చోట ఆయిల్ పుల్ల తీసి తుడిచి మళ్లీ చూడండి. కింది గీతకు తక్కువ ఉంటే, అమ్మేవాడు ఆయిల్ చూసుకోని మనిషి అన్నమాట. ఈ ఇంజిన్ విషయంలో అది చాలా పెద్ద సంగతి.

2. స్టార్ట్ చేయించి మీరు వెనక నిలబడండి. ఐదు నిమిషాలు ఊరికే నడవనిచ్చి ఒక్కసారి యాక్సిలరేటర్ నొక్కమనండి. నీలం పొగ కనిపిస్తే నూనె కాలుతోంది. తెల్లటి ఆవిరి చలికాలంలో మామూలే.

3. మానిఫోల్డ్ మీద ఉన్న రెండు ఆక్సిజన్ సెన్సార్లు విప్పించండి. వాటి వైరు పట్టడానికి పక్కన చీలిక ఉన్న ప్రత్యేక సాకెట్ కావాలి. ముందురోజే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే మరలు పాడవకుండా వస్తాయి. ఆ రంధ్రంలోకి చిన్న టార్చి, పళ్ల డాక్టరు వాడేలాంటి అద్దం, లేదా ఫోనుకి తగిలించే సన్నటి కెమెరా పెట్టండి. తేనెపట్టు గదులు సమానంగా, అంచులు పదునుగా కనిపించాలి. గుంటలు పడి ఉన్నా, ఒక మూల కరిగినట్టున్నా, అసలు ఖాళీగా ఉన్నా అడగాల్సిన ప్రశ్నలున్నాయి. ఖాళీగా ఉందంటే ఎవరైనా తీసేసి ఉండవచ్చు, లేదా పొడంతా ఎటో పోయి ఉండవచ్చు.

4. కంప్రెషన్ పరీక్ష, అంటే ఒక్కో సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో కొలవడం. నాలుగు సిలిండర్ల మధ్య తేడా 15 పీఎస్ఐ దాటితే బేరం వదులుకోండి.

అమ్మేవారు మూడో పని ఒప్పుకోకపోవచ్చు, అర్థం చేసుకోదగ్గదే. అప్పుడు మెకానిక్ షాపుకి తీసుకెళ్లి ఖర్చు మీరే పెట్టుకోండి. గంట పని, ఇంజిన్ ఖరీదు ముందు అదెంత?

కొన్నాక వెయ్యి మైళ్ల వరకు, ప్రతి రెండోసారి పెట్రోలు పోయించినప్పుడల్లా పుల్ల చూసి రాసుకోండి. వెయ్యి మైళ్లకు ఒక క్వార్టు, అంటే 0.95 లీటరు తగ్గితే ఇంజిన్ ఆరోగ్యం బాగోలేదు. ఆ మానిఫోల్డ్ తీసేసి ప్రీ-క్యాట్‌లు లేని పైపుల గుత్తి (హెడర్) వేయించడం చాలామంది చేసే పని. అయితే అమెరికాలో రోడ్డు బండి నుంచి కాటలిస్టు తీసేయడం చట్టవిరుద్ధం. కాలిఫోర్నియాలో పొగ పరీక్షలో బండి ఆగిపోతుంది కూడా. మీ రాష్ట్రంలో ఆమోదం ఉన్న భాగమేదో తెలుసుకున్నాకే ముట్టుకోండి. తర్వాతి సంవత్సరాల్లో టయోటా పిస్టన్లు మార్చింది. అందుకే 2003 నుంచి 2005 మోడళ్లకు ధర ఎక్కువ పలుకుతుంది.

మియాటాకి ఏ జబ్బూ లేదా?

ఉంది, తుప్పు. ఇంజిన్ కంటే రేకు ముందు పోతుంది.

టాపు మీద పడ్డ వాన నీళ్లు సీట్ల వెనక రెండు మూలల్లో, సీటు బెల్టు స్తంభాల దగ్గర ఉన్న గొట్టాల్లోంచి కిందికి పోవాలి. చెట్టు కింద పెట్టిన బండికి ఆకులు, పూత, మట్టి చేరి ఆ గొట్టాలు మూసుకుపోతాయి. నీళ్లు గడప రేకు లోపలికి పోతాయి. తలుపు కిందుండే ఆ గడప లోపల్నుంచి కుళ్లి, వెనక చక్రానికి కాస్త ముందు బుడగలా పైకి లేస్తుంది. పెయింటు మీద బొబ్బ కనిపించిందంటే లోపల రేకు ఎప్పుడో పోయింది.

పరీక్ష తేలిక. టాపు సగం తెరిచి ఆ మూలలో ఒక గ్లాసు నీళ్లు నెమ్మదిగా పోయండి. కొద్ది క్షణాల్లో వెనక చక్రానికి ముందు నేల మీద ధార పడాలి. పడకపోతే మూసుకుంది. శుభ్రం చేయడానికి గడ్డి కోసే మిషన్‌లో వాడే నైలాన్ తాడు వాడండి, కొన అగ్గిపుల్లతో కాస్త కరిగించి గుండ్రంగా చేసి. ఇనుప తీగ వద్దు, గొట్టం చిరుగుతుంది. పైనుంచి కంప్రెసర్ గాలి కొట్టొద్దు, లోపల అతుకు ఊడిపోతే నీళ్లన్నీ నేరుగా గడపలోకే. ఏడాదికి రెండుసార్లు చాలు: ఆకులు రాలాక ఒకసారి, వసంతంలో ఒకసారి. ఎంఆర్2లోనూ టాపు నీళ్లు పోయే దారులు ఇలాగే చూసుకోవాలి.

ఎన్‌బిలో తుప్పు పట్టే రెండో చోటు ముందు చాసిస్ రెయిళ్లు, అంటే బండి కింద పొడవునా ఉండే దూలాలు. వీటికి రేకు రెండు పొరలు. మధ్యలో ఉప్పు నీళ్లు చేరితే బయటికి కనపడకుండా తినేస్తాయి. చికాగో, డెట్రాయిట్, న్యూజెర్సీ లాంటి మంచు ఊళ్ల బండైతే లిఫ్టు మీద ఎత్తి, స్క్రూడ్రైవర్ పిడితో రెయిలు పొడవునా తట్టండి. ఖంగుమనాలి. మొద్దుగా మోగితే వదిలేయండి. టెక్సస్, అరిజోనా బళ్లకు ఎక్కువ ధర ఇచ్చినా తప్పు లేదు. ఎంఆర్2కీ ఉప్పు ఊళ్లలో వెనక అడ్డ దూలం (క్రాస్‌మెంబర్) తినుకుపోతుంది, అదీ చూడండి.

ఇంజిన్‌లో గుర్తుంచుకోవలసినది థ్రస్ట్ బేరింగు. 1999 చివర్లో, 2000లో వచ్చిన కొన్ని ఇంజిన్లలో ఇది అరిగి క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, ముందుకీ వెనక్కీ కదులుతుంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఒకరు క్లచ్ తొక్కి వదలాలి. ఇంకొకరు చేతులు, దుస్తులు బెల్టులకు దూరంగా ఉంచి క్రాంక్ పుల్లీని చూడాలి. కంటికి కనిపించేంత ముందుకు జరిగినా, క్లచ్ తొక్కగానే ఇంజిన్ బరువెక్కి ఆర్‌పీఎం పడిపోయినా అనుమానించండి. అనుమతించే కదలిక గరిష్ఠం 0.30 మి.మీ. మాత్రమే, అది కంటికి దాదాపు కనపడదు.

మిగతావి చిల్లర. క్లచ్‌ను ద్రవం ఒత్తిడితో నొక్కే స్లేవ్ సిలిండర్ కారుతుంది, ఉదయాన్నే క్లచ్ పెడల్ నేలకు అంటుకుంటే అదే. రెండు బోల్టుల పని. పెడల్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్‌తో కలిపి మార్చండి, లేకపోతే కొత్తదాని ఒత్తిడికి రెండో నెలలో పాతది కారుతుంది. రేడియేటర్ పై ప్లాస్టిక్ ట్యాంకు నలుపు పోయి పచ్చటి గోధుమ రంగుకి మారితే పగుళ్లు దగ్గరపడ్డాయి, ఆగకుండా మార్చేయండి. బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. సీలు చేసిన ఏజీఎం రకం, గాలి గొట్టాలు తగిలించేదే పెట్టాలి. మామూలు బ్యాటరీ పెడితే దాని ఆవిరి డిక్కీ రేకుని తింటుంది.

టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చాలి?

వాల్వులు తెరిచే కడ్డీలను (క్యామ్‌లను) క్రాంక్‌తో కలిపి సరైన వేళకు తిప్పేది మియాటాలో బెల్టు. 60,000 మైళ్లకు మార్చడం క్షేమం. మైళ్లు తక్కువైనా వయసు చూడాలి. రసీదు చూపించని బెల్టు మార్చనట్టే లెక్క. విప్పినప్పుడే వాటర్ పంపు, టెన్షనర్, ఐడ్లర్, క్యామ్ సీళ్లు, క్రాంక్ ముందు సీలు మార్పించండి. ఆ సీళ్ల ఖరీదు కొంచెమే, విప్పడానికే అసలు కూలీ. సొంతంగా చేసేవాళ్లకు ఒక్క మాట: కొత్త బెల్టు వేశాక ఇంటేక్ క్యామ్ మీది గుర్తుకీ ఎగ్జాస్ట్ క్యామ్ మీది గుర్తుకీ మధ్య 19 పళ్లు లెక్కపెట్టండి. క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి మళ్లీ లెక్కపెట్టాకే మూత వేయండి.

ఎంఆర్2కి గొలుసు. సమయానికి ఆయిల్ మారిస్తే దాని ఊసే ఉండదు. టెన్షనర్ దగ్గర చిన్న రబ్బరు రింగు కారడం మామూలు, చవకైన పని.

క్లచ్ పెడల్ లేని ఎంఆర్2 చౌకగా దొరుకుతోంది. కొనొచ్చా?

వద్దు. అది ఆటోమేటిక్ కాదు. మాన్యువల్ గేర్‌బాక్స్‌కి క్లచ్ తొక్కే పని హైడ్రాలిక్ పంపుకి అప్పగించారు. గేరు మీరే మార్చాలి. ఆ పంపు చెడితే భాగాలు దొరకడం కష్టం, బాగుచేసేవారు ఇంకా తక్కువ.

ఇండియాలో మాన్యువల్ నడిపాను. అమెరికాలో ఇబ్బందా?

వారం రోజుల్లో అలవాటవుతుంది. అక్కడ ఎడమచేత్తో మార్చిన గేరు ఇక్కడ కుడిచేత్తో మార్చాలి, అంతే. పెడళ్లు అదే వరస. మొదట్లో ఎడమచెయ్యి తలుపుని వెతుక్కుంటుంది.

గేరు మార్చే సుఖంలో మాత్రం మియాటాకి సాటి లేదు. లివర్ నేరుగా గేర్‌బాక్స్ మీదే కూర్చుంటుంది, మణికట్టు కదిలిస్తే చాలు. ఎంఆర్2లో గేర్‌బాక్స్ వెనక ఉంది కాబట్టి రెండు కేబుళ్లు మధ్యవర్తులు. వాటి కొనల్లోని తొడుగులు (బుష్‌లు) అరిగితే గేరు ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తుంది. గట్టి బుష్‌లు వేయిస్తే బండి కొత్తదైనట్టుంటుంది.

భాగాలు దొరుకుతాయా?

మియాటాకి దొరకనిది లేదు. 2000లోనే ఎంఎక్స్-5 అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గిన్నిస్ రికార్డుకెక్కింది. 2016లో హిరోషిమాలో పదిలక్షల బండి తయారైంది. అంత సంఖ్య ఉన్నచోట పాత భాగాలు, కొత్త భాగాలు, సలహా చెప్పే మనుషులు అన్నీ ఉంటారు. మొదటి తరం మియాటా గట్టి టాపు (హార్డ్‌టాప్) కూడా ఎన్‌బికి సరిపోతుంది.

ఎంఆర్2కి ఇంజిన్ భాగాలు కొరోలా ధరకే దొరుకుతాయి. ఇండియాలో 2003 నుంచి అమ్మిన 1.8 కొరోలాలో ఉన్నదీ ఈ ఇంజినే. చిక్కంతా బాడీతోనే. హెడ్‌లైటు, బంపర్, టాపు, లోపలి ప్లాస్టిక్కులు ఏళ్లు గడిచేకొద్దీ అరుదవుతున్నాయి. చిన్న గుద్దుకే బీమా కంపెనీ బండిని పూర్తి నష్టంగా రాసేయడం ఇందుకే. విరగని బాడీ ఉన్న ఎంఆర్2కి మంచి ఇంజిన్ కంటే ఎక్కువ విలువ ఇవ్వండి. ఇంజిన్ మార్చుకోవచ్చు, హెడ్‌లైటు వెతుక్కోవాలి.

పవర్ పెంచుకోవాలంటే?

ఎంఆర్2కి దారి ఒక్కటే స్పష్టంగా ఉంది: సెలికా జీటీ-ఎస్‌లో వచ్చిన 2జెడ్‌జెడ్-జీఈ, 180 హార్స్‌పవర్, ఆరు గేర్ల పెట్టెతో సహా. అదే కుటుంబం కాబట్టి చోటు సరిపోతుంది. వైరింగ్, కంప్యూటర్ సర్దాలి. ఆరువేల ఆర్‌పీఎం దాటాక రెండో క్యామ్ అందుకున్నప్పుడు వచ్చే ఊపు కోసమే ఇదంతా. ఆ రెండో క్యామ్‌ని పట్టించే చిన్న బోల్టులు తెగడం దీని పాత జబ్బు. ఇంజిన్ బయట ఉన్నప్పుడే కొత్తవి వేయించండి.

మియాటాకి టర్బో, సూపర్‌చార్జర్ కిట్లు లెక్కలేనన్ని. ఫ్యాక్టరీ టర్బో కావాలంటే 2004-2005 మాజ్డాస్పీడ్ మియాటా, 178 హార్స్‌పవర్. ఒక సంగతి గుర్తుంచుకోండి: ఈ ఇంజిన్ మొదట ముందు చక్రాల బండి కోసం, అడ్డంగా కూర్చోబెట్టడానికి చేసినది. నిలువుగా తిప్పాక కూలెంట్ ముందు నుంచే వచ్చి ముందు నుంచే పోతుంది, నాలుగో సిలిండర్ వేడిగా ఉండిపోతుంది. టర్బో వేసేవాళ్లు కూలెంట్ దారిని వెనక నుంచి మళ్లించాలి.

మొదట మంచి టైర్లు, తర్వాత బ్రేకు ప్యాడ్లు, తర్వాత షాకబ్జార్బర్లు. పవర్ ఆ తర్వాతే.

రేస్ ట్రాక్ మీదికి వెళితే ఎన్‌బికి రోల్ బార్, అంటే బోల్తా పడితే తలను కాపాడే ఇనుప కమాను, తప్పనిసరి అనుకోండి. బార్ పై అంచు నుంచి విండ్‌షీల్డ్ పై అంచుకి తాడు కడితే, హెల్మెట్ పెట్టుకున్న మీ తల దానికి కనీసం రెండంగుళాలు కింద ఉండాలి.

పిల్లల్ని ఎక్కించవచ్చా?

పసిపిల్లల్ని వద్దు. వెనక సీటు లేదు, పక్క సీటు ముందు ఎయిర్‌బ్యాగ్ ఉంది. ఎన్‌బిలో దాన్ని తాళంచెవితో ఆపే స్విచ్ ఉన్నా, వెనక్కి చూసే చైల్డ్ సీటుకి ఇది తగిన బండి కాదు. తల పక్కన కర్టెన్ ఎయిర్‌బ్యాగులు రెండింట్లోనూ లేవు. ఏబీఎస్ ఎంఆర్2కి అన్నింటికీ వచ్చింది. మియాటాలో కొన్నింటికే ఉంది, డాష్‌బోర్డులో దీపం వెలిగి ఆరుతుందేమో చూడండి.

తిరిగి వచ్చేటప్పుడు హైదరాబాద్ తెచ్చుకోవచ్చా?

కుదరదు. ఇండియాలోకి తెచ్చే వాడిన బండి తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. అమెరికాలోని ఈ బళ్లు రెండు నిబంధనలకూ దూరం.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు మాత్రం ఒక సదుపాయం ఉంది: నంబరు కొడితే ఆ బండి ఎంఓటీ (ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష) చరిత్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా కనిపిస్తుంది. ఏ సంవత్సరం తుప్పు గురించి రాశారో, ఎన్ని మైళ్లు చూపించిందో అంతా ఉంటుంది. వెళ్లి చూడకముందే సగం బళ్లు జాబితాలోంచి తీసేయొచ్చు.

కొన్నాక మొదటి నెలలో ఏం చేయాలి?

పాత యజమాని ఏం చెప్పినా ద్రవాలన్నీ మార్చండి. మియాటాకి ఇంజిన్ ఆయిల్ ఫిల్టరుతో సుమారు 3.8 లీటర్లు. ఐదు గేర్ల పెట్టెకి జీఎల్-4 రకం గేరు ఆయిల్ (75డబ్ల్యూ-90) రెండు లీటర్లు, డిఫరెన్షియల్‌కి జీఎల్-5 రకం ఒక లీటరు. గేర్‌బాక్స్‌లో జీఎల్-5 పోయకండి, గేరు సాఫీగా పడేలా చూసే సింక్రో రింగులకు పడదు. గేర్‌బాక్స్ అయినా డిఫరెన్షియల్ అయినా, పైనున్న నింపే బోల్టు వదులైందని చూశాకే కింద కారే బోల్టు విప్పండి. నూనె అంతా కారాక నింపే బోల్టు బిగుసుకుని రాకపోతే బండి కదల్లేదు. మియాటా ఆయిల్ ఫిల్టర్ ఇంటేక్ మానిఫోల్డ్ కింద దాక్కుని ఉంటుంది. చెయ్యి పెట్టేముందు కింద గుడ్డ పరవండి.

ఎంఆర్2కి ఆయిల్, గేరు ఆయిల్ తర్వాత కూలెంట్. ఇది సొంతంగా చేయడానికి తొందరపడకండి. రేడియేటర్ ముందు, ఇంజిన్ వెనక, మధ్యలో బండి కింద పొడవాటి పైపులు. ఎక్కడైనా గాలి చిక్కుకుంటే హీటర్ చల్లగా ఊదుతుంది, టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది. వాక్యూమ్‌తో నింపే పరికరం ఉన్న షాపులో చేయించడం మేలు.

చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో బిగించండి: ఎంఆర్2కి 103 న్యూటన్ మీటర్లు, మియాటాకి 88 నుంచి 118 మధ్య. ఆ తర్వాత నాలుగు చక్రాల అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించండి, డ్రైవర్ సీట్లో మీ బరువుకి సరిపడా బరువు పెట్టించి మరీ. వెయ్యి కిలోల బండిలో ఎనభై కిలోల మనిషి కూర్చుంటే కొలతలు మారతాయి.